అద్దె బస్సు - అనాథ డ్రైవరు

సాయంకాలమున ఎల్.బి. నగర్ కూడలిలో గడియసేపు నిలిచి చూచినవారికి ఒక వింత కనబడును. సూర్యాపేటకు పోవు బస్సు వచ్చును. దాని వెనుకనే నల్లగొండకు పోవు బస్సు వచ్చును. రెండింటిమీదను సంస్థ పేరొక్కటియే. టిక్కెట్టు ధరయు నొక్కటియే. కాని ముందరి బస్సును నడుపువాడు ఆర్టీసీ యుద్యోగి; వెనుకటి బస్సును నడుపువాడు సంస్థకు బస్సు నద్దెకిచ్చిన యజమాని మనిషి. మొదటివానికి నియామకపత్రము కలదు, సెలవులు కలవు, పై యధికారికి మొరపెట్టుకొను హక్కు కలదు. రెండవవానికి యజమాని దయ కలదు. బస్సెక్కు ప్రయాణికుడు ఈ భేదమును ఎరుగడు. ఎరుగవలసిన పనియు తనకు లేదని తలచును. ఆ తలంపు సరియైనది కాదని చెప్పుటకే నేడు మేమీ విషయమును చేపట్టితిమి.

కొంతకాలముగా దిల్‌సుఖ్‌నగర్, హయత్‌నగర్ డిపోల వాకిళ్లయందును, వాని యెదుటి చాయ దుకాణములయందును ఒకటే వాదము సాగుచున్నది. విద్యుత్ బస్సులు వచ్చుచున్నవి. వానిని ప్రైవేటు కంపెనీలు కొని, తమ డ్రైవర్లచేతనే నడిపించును. సంస్థ కిలోమీటరు కింత యని చెల్లించును. దీనికి కార్మికులు సమ్మతింపవలెనా, ఎదిరింపవలెనా? సర్వీసు నిండవచ్చిన పెద్దలలో కొందరు, "మనలో నొక్కని కొలువైనను పోదు, కొత్త బస్సులకు కొత్తవారు వత్తురు, మనకేమి నష్టము?" అనుచున్నారు. చిన్నవారు, "మీరు దిగిపోయిన సీటులో రేపు కూర్చుండువాడెవ్వడు? వానికేమి ఇత్తురు?" అని యడుగుచున్నారు. ఈ రెండవ ప్రశ్నయే అసలైన ప్రశ్న యని మా యభిప్రాయము.

ఈ సంస్థ పుట్టుకను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. 1932 జూను నెలలో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ నారంభించినప్పుడు బస్సులు 27, పనివారు 166 మంది. రైలు పట్టా లేని యూరికి రాజ్యమే బండి నడుపవలెనను తలంపు ఆనాటికి గొప్ప తలంపే. ఆ బీజమే 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపుదాల్చినది; రాష్ట్ర విభజనానంతరము తెలంగాణ సంస్థ వేరుపడినది. 2019 నాటికి తెలంగాణ సంస్థ క్రింద సుమారు 10,400 బస్సులు నడుచుచుండగా, వానిలో రమారమి 2,100 అద్దె బస్సులు. అనగా అయిదింట నొకటి యప్పటికే పరాధీనము. ఎవ్వరును దండోరా వేయలేదు. ఎవ్వరును ఓటు వేయలేదు. టెండరు వెంబడి టెండరుగా, చీమ పుట్ట పెట్టినట్లు, ఈ మార్పు జరిగిపోయినది.

ఆ సంవత్సరమే అక్టోబరు 5వ తేదీన దాదాపు 48,000 మంది కార్మికులు సమ్మె కట్టిరి. రెండు దినములకే నాటి ముఖ్యమంత్రి శ్రీ చంద్రశేఖరరావుగారు, ఇకముందు సగము బస్సులు సంస్థవి, నూటికి ముప్పది అద్దెవి, ఇరువది పూర్తిగా ప్రైవేటువి యని ప్రకటించిరి. నవంబరు 2వ తేదీన మంత్రివర్గము 5,100 మార్గములను ప్రైవేటువారికి విడుచుటకు తీర్మానించినది. సమ్మె 52 దినములు సాగినది. ఆ దినములలో పలువురు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. తుదకు నవంబరు 25న సమ్మె విరమింపబడినది. ఆ నెల 29న కార్మికులు మరల పనిలో చేరిరి. 5,100 మార్గముల తీర్మానము అమలునకు రాలేదు. దానిని చూచి పలువురు గెలుపు తమదే యనుకొనిరి.

మేమట్లనుకొనలేకున్నాము. రచ్చకెక్కిన తీర్మానము నిలిచిపోయినను, చప్పుడు చేయని ఒడంబడికలు నిలిచిపోలేదు. సమ్మెకు ముందే, 2019 మార్చిలో, విమానాశ్రయపు దారిమీద 40 విద్యుత్ బస్సులు ఈ పద్ధతిని వచ్చినవి. 2023లో మరి 550 బస్సులకు ఒప్పందమైనది. 2025లో కేంద్ర ప్రభుత్వపు పి.యం. ఇ-డ్రైవ్ పథకమునందు హైదరాబాదునకు 2,000 బస్సులు కేటాయింపబడినవి. ఒక్క వేటుతో నరికిన చెట్టును అందరు చూతురు. వేరునకు పట్టిన చెదను ఎవ్వరు చూతురు?

ఎదుటి పక్షమువారి వాదమును మేము తేలికగా చూచుటలేదు. పెద్ద విద్యుత్ బస్సు ఒక్కొక్కటి కోటి రూపాయలకు పైబడిన ధర. సంస్థ అప్పులలో నున్నది. 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఉచిత ప్రయాణమిచ్చిన పిమ్మట బస్సులు క్రిక్కిరిసిపోవుచున్నవి. కళాశాలలకు పోవు మన పిల్లలు ఫుట్‌బోర్డు పట్టుకొని వ్రేలాడుచున్నారు. బస్సులు కావలెను, త్వరగా కావలెను. పెట్టుబడి మరియొకడు పెట్టునన్నచో వలదనుట యెట్లు? ఇక నగరపు గాలి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పొగ లేని బస్సును వలదను మూర్ఖులము మేము కాము. సొంత బస్సైనంతమాత్రమున క్షేమమనియు మేము చెప్పము. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో లోయబడి అరువదిమందికి పైగా జనులను బలిగొన్నది సంస్థ సొంత బస్సే. కావున మా వాదము బస్సును గూర్చినది కాదు. బస్సును కొనుటకు పరుని డబ్బు చాలును. దానిని నడుపు మనిషికి బాధ్యత వహించుటకు పరుడు చాలడు. ఈ రెండును వేరు వేరు విషయములు. వానిని ఒక్క కాగితమున కలిపివేయుటయే నేటి టెండరులలోని మాయ.

ఈ వాదము మన డిపోలకు కొత్త గాని లోకమునకు కొత్త కాదు. మనకంటె ధనికులు, మనకంటె బలమైన సంఘములు గలవారు, అమెరికా విమాన చోదకులు, ఇదే వాదములో ముప్పది యేండ్లకు పైగా చిక్కుకొనియున్నారు. వారి కథ మన డ్రైవర్లకు మిక్కిలి ఉపయోగపడును గనుక కొంత వివరింతుము.

అక్కడ పెద్ద విమాన సంస్థలు చిన్న పట్టణములకు పోవు విమానములను తాము నడుపక, చిన్న కంపెనీలకు గుత్తకిచ్చును. విమానముమీద పెద్ద సంస్థ పేరే, టిక్కెట్టు పెద్ద సంస్థదే. నడుపువాడు మాత్రము చిన్న కంపెనీ జీతగాడు. ఎంత పెద్ద విమానమువరకు, ఎన్ని విమానములవరకు ఇట్లు గుత్తకీయవచ్చునో హద్దు నిర్ణయించు షరతును పైలటుల సంఘములు తమ ఒడంబడికలలో వ్రాయించుకొన్నవి. దానిని 'స్కోప్ క్లాజు' అందురు. 1990వ దశకమున ఏబది సీట్ల చిన్న జెట్ విమానములు వచ్చినప్పుడు పెద్ద పైలటులలో పలువురు, "ఈ బుల్లి విమానములు మనకేల? పెద్ద విమానములమీద మన జీతములు పెరిగిన చాలును" అని హద్దును సడలించిరి. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్సు పైలటులు, ఈ చిన్న జెట్లను ఎవరు నడుపవలెనను తగవుమీదనే ప్రధానముగ సమ్మెకు దిగగా, నాటి అధ్యక్షుడు క్లింటన్ అరగంటలోపలనే జోక్యము చేసికొని దానిని ఆపివేసెను.

పిమ్మట జరిగిన దేమి? 2001 సెప్టెంబరు నాటి ఉత్పాతము తరువాత పెద్ద విమానములు మూలబడినవి. వేలకొలది పైలటులు ఇంటికి పంపబడిరి. వారు వదలిన మార్గములలో ఆ బుల్లి విమానములే మూగినవి. "మనకు కాదు" అని విడిచిన పనియే తమ పనిని మ్రింగివేసినదని వారు ఆలస్యముగా గ్రహించిరి. క్రిందిమెట్టు నమ్ముకొన్నవానికి పైమెట్టు నిలువదు.

అంతటితో ముగియలేదు. 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి బఫెలో నగరముకడ ఒక విమానము కూలి, లోపలివారు 49 మందియు, నేలమీద నొకరును మరణించిరి. టిక్కెట్టు కాంటినెంటల్ సంస్థది. నడుపుచున్నది కోల్గన్ అను గుత్త కంపెనీ. విచారణ సంఘము పైలటు చేసిన పొరబాటునే కారణముగా నిర్ణయించినది. కాని ఆ విచారణలో మరియొక సంగతి దేశమునకు తెలిసినది: సహ పైలటు అతిస్వల్ప వేతనముతో పనిచేయుచు, దేశముయొక్క పడమటి కొననుండి రాత్రియంతయు ప్రయాణము చేసి పనికి వచ్చినది. టిక్కెట్టు కొన్నవారిలో ఎందరికి ఇది తెలిసియుండును? 2010లో అక్కడి కాంగ్రెసు చట్టము చేసి, విమానమును నిజముగ నడుపు కంపెనీ పేరును టిక్కెట్టు కొనునప్పుడే తెలుపవలెనని శాసించినది. 2013నుండి సహ పైలటునకు సైతము సామాన్యముగ 1,500 గంటల అనుభవము ఉండవలెనని నియమమైనది. చౌక జీతములకు ఆ వృత్తిలోనికి వచ్చువారు తగ్గిపోగా, 2022 నాటికి ఆ గుత్త కంపెనీలే జీతములను ఒక్కసారిగా పెంచవలసి వచ్చినది. మిగులు మిగులని కోసికొన్న డబ్బు తుదకు కూలిన విమానముతోను, దొరకని పైలటుతోను లెక్క తేలినది.

మన నగరమునకు విమానముల సంగతి దూరపు సంగతి కాదు. 1945లో నిజాము ప్రభుత్వమును టాటావారును కలసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను బేగంపేటనుండి నడిపిరి. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలసినది. 2017 ఏప్రిలు 27న చిన్న పట్టణముల విమాన పథకము ఆరంభమైనప్పుడు కడప-హైదరాబాదు మార్గము మొదటివానిలో నొకటి. ఆ మార్గమును చేపట్టిన ట్రూజెట్ మన నగరపు కంపెనీయే. 2022లో దాని విమానములు నిలిచిపోయినవి. ఆకాశమునకు పోనక్కరలేదు, మన దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుపైననే తలయెత్తి చూడుడు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి. నగర్ మెట్రో రైలు ఆరంభమైనప్పుడు మనమందరము సంతోషించితిమి. 2023 జనవరిలో అదే ఎఱ్ఱ మార్గములో టిక్కెట్టు కౌంటరులయందలి గుత్త సిబ్బంది, జీతములు చాలవని పని మానిరి. అద్దాల స్టేషనులో, ఏళ్ల తరబడి చిరునవ్వుతో టిక్కెట్టు నిచ్చిన పిల్లలు తమకు యజమాని యెవ్వరో వెదకికొనవలసి వచ్చినది.

ఇక న్యాయశాస్త్రము సంగతి. ఎల్.బి. నగర్ న్యాయస్థానములలో వకాలతు చేయువారమగుటచే దీనిని కొంత సూటిగా చెప్పగలము. అద్దె బస్సు ప్రమాదము చేసినప్పుడు సంస్థ, "బస్సు మాది కాదు, డ్రైవరు మావాడు కాడు" అని తప్పించుకొనజూచినది. 1997లో సుప్రీంకోర్టు, రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థకును కైలాసనాథ్ కొఠారీకిని జరిగిన వ్యాజ్యములో, బస్సు ఎవరి అదుపాజ్ఞలలో నడుచుచున్నదో వారే బాధ్యులని తేల్చి, అద్దెకు తెచ్చుకొన్న సంస్థచేతనే పరిహార మిప్పించినది. ఇది మిక్కిలి న్యాయము. కాని ఆ డ్రైవరే తన జీతమునకో, తన కొలువు నిలుకడకో కోర్టుకెక్కినచో కథ మారును. 1996లో ఎయిరిండియా సంస్థ వ్యాజ్యములో, గుత్త పనిని నిషేధించిన చోట పనివారు అసలు సంస్థ యుద్యోగులే యగుదురని చెప్పిన సుప్రీంకోర్టు, 2001లో ఉక్కు సంస్థ వ్యాజ్యములో ఆ తీర్పును త్రోసిపుచ్చి, వారు తమంతట ఉద్యోగులు కారని చెప్పినది. ఫలితమేమి? ప్రయాణికుడు మరణించినప్పుడు సంస్థ యజమాని. డ్రైవరు ఆకలిగొన్నప్పుడు సంస్థ పరాయిది. ఒకే సీటులో కూర్చున్న ఒకే మనిషికి, ఉదయమొక యజమాని, సాయంకాలమొక యజమాని!

2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చిన కార్మిక కోడులలో ఒకటి, సంస్థయొక్క ముఖ్యమైన పనిని గుత్త పనివారిచేత చేయింపరాదని యనుచున్నది. బస్సుల సంస్థకు బస్సు నడుపుటకంటె ముఖ్యమైన పని యేమి? కాని ఆ నిబంధన ప్రక్కనే, అట్టి పనిని వాడుకగా గుత్తకిచ్చుచుండినచో దోషములేదని ఒక మినహాయింపును చేర్చిరి. అనగా నేడు ఎంత యెక్కువగా గుత్తకిచ్చిన, రేపు అంత సులభముగా "ఇది మా వాడుక" యని చెప్పవచ్చును. దిడ్డిత్రోవ నుంచి సింహద్వారమునకు తాళము వేసినట్లున్నది. ఆ కోడును చదివినవారికి, "మనకేమి నష్టము" అను పెద్దల మాట ఎంత ప్రమాదకరమైనదో తేటపడును.

కొన్ని నెలల క్రిందట ఒక డ్రైవరు మాయొద్దకు వచ్చెను. వయస్సు ముప్పది దాటలేదు. అద్దె బస్సు నడుపుచుండెను. రెండు నెలల జీతము నిలిచిపోయినది. అడిగినందుకు తాళపుచెవులు లాగికొనిరి. నియామకపత్రము చూపుమంటిమి, లేదనెను. పనిగంటల పుస్తకము కలదా యంటిమి, నవ్వెను. "వకీలు సాబ్, బస్సు మీద సర్కారు పేరున్నది, నా జీతం చీటి మీద ఎవ్వరి పేరూ లేదు" అనెను. ముందటి వారమున వరుసగా మూడు రాత్రులు నడిపినానని మాటవరుసకు చెప్పినప్పుడు మాకు గుండె ఝల్లుమన్నది. ఆ మూడు రాత్రులును అతని వెనుక సుమారు ఏబదేసిమంది నిద్రించుచు ప్రయాణము చేసియుందురు గదా! వారు తమ ప్రాణములను అప్పగించినది బస్సుమీది పేరునకు. ఆ పేరు గలవారు మాత్రము అతని నెరుగరు.

అయిన కర్తవ్యమేమి? ఉత్త రోషము పనికిరాదు. మా సూచనలను సంగ్రహముగ చెప్పుదుము.

మొదటిది: సంస్థకును కార్మికులకును నడుమ ఒక హద్దు లిఖితరూపమున నేర్పడవలెను. మొత్తము కిలోమీటర్లలో అద్దె బస్సుల పాలు ఇంతకు మించరాదని స్పష్టముగ వ్రాయవలెను. కొత్త బస్సు కంపెనీది కావచ్చును గాక. దాని సీటులో సంస్థ డ్రైవరును కూర్చుండబెట్టు పద్ధతి యేల ఆలోచింపరాదు? కొనుగోలునకు సాయమిచ్చు కేంద్రప్రభుత్వము డ్రైవరును సైతము కంపెనీవానినే పెట్టుమని బలవంతము చేయుట తగదని రాష్ట్రము గట్టిగ వాదింపవలెను.

రెండవది: ఏ దారిలో సంస్థ డ్రైవరునకెంత వేతనమో, అదే దారిలో అద్దె బస్సు డ్రైవరునకు నంతయే ఉండవలెను. ఆ జీతము బ్యాంకులో పడినట్లు రుజువు చూపినపిమ్మటనే యజమానికి సంస్థ అద్దె చెల్లింపవలెను. సమాన వేతనమున్నచోట గుత్త లాభము నిజమైన లాభమో, కడుపుకోతయో తేలిపోవును.

మూడవది: ప్రతి డ్రైవరు పనిగంటలును, విశ్రాంతిగంటలును డిపో మేనేజరు పుస్తకమున నెక్కవలెను. నిద్రలేని కన్నులకు సొంత బస్సు, అద్దె బస్సు అను భేదము లేదు.

నాలుగవది: విరమించువారి స్థానములు ఖాళీగ నుంచరాదు. 2025 సెప్టెంబరులో 1,000 డ్రైవరు ఉద్యోగములకును, 743 శ్రామిక ఉద్యోగములకును ప్రకటన వెలువడినది. దీనిని మేము మనఃపూర్వకముగ హర్షించుచున్నాము. కాని ఇది ఏటేట జరుగవలసిన పని, ఒక్క పర్యాయపు పండుగ కాదు.

కడపటిదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు కార్మిక సోదరులకు చెప్పవలసియున్నది. మీలో కొందరు అద్దె బస్సు డ్రైవరును చూచి మొగము త్రిప్పుకొనుచున్నారు. సమ్మె నాడు అతడు బస్సు తీసినాడని కోపము. ఆ కోపము మాకు తెలియును. కాని ఆలోచింపుడు: అతడు మీ శత్రువు కాడు, పదియేండ్ల తరువాతి మీ కుమారుడు. 2023లో శాసనసభ సంస్థ యుద్యోగులను ప్రభుత్వములోనికి తీసికొను బిల్లునామోదించినది. దాని ఫలము చేతికందలేదని 2025లోను మీరు మొరపెట్టితిరి. మీ మొర న్యాయమైనది. కాని ఆ బిల్లు పూర్తిగ ఫలించిన నాడు సైతము, అద్దె బస్సు సీటులోనివాడు గడపకు బయటనే నిలిచియుండును. లోపలివారు తలుపు మూసికొన్నచో, ఇల్లు చిన్నదై చిన్నదై తుదకు లోపలివారే మిగులరు. అమెరికా పైలటులు నేర్చిన పాఠమిదియే. డిపో వాకిట మీ సభ జరుగునాడు అతనినికూడ పిలువుడు. మీ కోరికల పట్టికలో అతని జీతము నొక పంక్తిగ చేర్చుడు.

చదువరులారా! రేపు ఉదయము మీరు దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్.బి. నగర్‌లోనో బస్సెక్కునప్పుడు డ్రైవరును ఒక్క మాట అడుగుడు: "అన్నా, నీకు జీతమిచ్చువారెవ్వరు?" సంస్థ పేరు చెప్పెనా, సంతోషింపుడు. తడబడెనా, ఆ తడబాటును మీ శాసనసభ్యునికి, డిపో మేనేజరునకు ఒక కార్డుమీద వ్రాసి పంపుడు. బస్సు మీద మన పేరుండగా, దానిని నడుపువానికి మనము బాధ్యులము కామనుట పెద్దమనుషులకు తగిన మాట కాదు.